నల్ల తామర - నలుగురి ఆట

పేకాటలో తురుపు ముక్క ఎవరి చేతికి వస్తుందో పంచేవానికి కూడా తెలియదు. కట్ట అందరిదీ ఒక్కటే, అదృష్టం మాత్రమే వేరు. ఎవరి కట్టను వారే కూర్చుకుని తెచ్చుకునే ఆట ఒకటి ఉన్నదనీ, అందులో తురుపును అంగడిలో కొనుక్కోవచ్చుననీ కిందటి వేసవిలో సియాటిల్ సమీపాన మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు తెలిసింది. మనుమడూ, వాని ముగ్గురు మిత్రులూ భోజనాల బల్ల చుట్టూ చేరి ఆడుతున్నారు. మావాడు మొదటి వంతులోనే ఒక గొప్ప ముక్క దింపాడు. తక్కిన ముగ్గురూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. అరగంటలో అందరికన్న ముందు ఓడినవాడు మావాడే.

"తాతయ్యా, మంచి కార్డు నా దగ్గరే ఉంది కదా, మరి నేనే ఎందుకు ఓడిపోయాను?" అని అడిగాడు. సమాధానం కోసం ఆ ఆట చరిత్ర చదివాను. చదివినదానిని పాఠకమిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఆట పేరు మేజిక్ ది గేదరింగ్. దీనిని సృష్టించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితశాస్త్రజ్ఞుడు, వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కళాశాలలో బోధించిన అధ్యాపకుడు. 1991లో ఆయన తాను రూపొందించిన వేరొక ఆటను పీటర్ ఆడ్కిసన్ అనే యువ ప్రచురణకర్త వద్దకు తీసుకువెళ్ళాడు. ఆడ్కిసన్ దానిని కాదని, ఎక్కడికైనా తీసుకుపోగలిగినది, కొద్దిసేపట్లో ముగిసేది కావాలన్నాడు. ఆ కోరికకు ఫలంగా 1993 ఆగస్టులో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఈ ఆటను వెలువరించింది. మొదటి ముద్రణలో 295 రకాలు, మొత్తం సుమారు 26 లక్షల ముక్కలు.

ఆట సూత్రం సులభమైనదే. ఇద్దరు మాంత్రికుల ద్వంద్వయుద్ధమిది. ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. మంత్రం వేయడానికి 'మానా' అనే శక్తి కావాలి. అది భూమి ముక్కల నుండి పుడుతుంది. వంతుకు ఒక్క భూమినే దింపవచ్చు గనుక బలం మెల్లమెల్లగా పెరగవలసిందే. కాని తొలి ముద్రణలోని తొమ్మిది ముక్కలు ఈ క్రమాన్ని భగ్నం చేశాయి. 'బ్లాక్ లోటస్', అనగా నల్ల తామర, ఏ ఖర్చూ లేకుండా దిగి, ఒక్కసారికి మూడు మానాలిచ్చి రాలిపోతుంది. అయిదు 'మోక్స్' మణులు ఉచితంగా దిగి వంతుకొక మానా ఇస్తాయి. 'ఏన్సెస్ట్రల్ రీకాల్' ఒక్క మానాకు మూడు ముక్కలు తెచ్చిపెడుతుంది. 'టైమ్ వాక్' రెండు మానాలకు మరొక వంతును ప్రసాదిస్తుంది. 'టైమ్‌ట్విస్టర్' మాత్రం వేసినవానితో పాటు ఎదుటివారికి కూడా ఏడేసి కొత్త ముక్కలు పంచుతుంది. ఈ తొమ్మిదింటికీ 'పవర్ నైన్' అని పేరు.

గణితం తెలిసిన మనిషి ఇంత అసమానతను ఎట్లా అనుమతించాడు? ఆయన లెక్క వేరు. ఒక్కొక్కరు కొద్దిపాటి ముక్కలే కొంటారు. అరుదైన ముక్క స్నేహబృందం మొత్తంలో ఏ ఒక్కరి దగ్గరో ఉంటుంది. పైగా ప్రతి ఆటలో ఒక్కొక్క ముక్క పందెం ఒడ్డి, గెలిచినవాడు తీసుకునే నియమం కూడా అప్పుడు ఉండేది. కనుక బలమైన ముక్క చేతులు మారుతూ ఉంటుందని ఆశ. అరుదుతనమే కంచె అన్నమాట. ఆ కంచెను డబ్బు దాటివేసింది. జనం పెట్టెలకు పెట్టెలు కొన్నారు. ఒకే ముక్క ఎన్ని ప్రతులైనా కట్టలో పెట్టుకోవచ్చు గనుక బలానికి హద్దు లేకపోయింది. 1994లో పోటీలకు నిషేధ, నియంత్రణ జాబితాలు వచ్చాయి. ఆ ఏప్రిల్‌లో వెలువడిన ముద్రణలో ఈ తొమ్మిదింటికీ చోటు దక్కలేదు. 2021 జనవరిలో ఒక నల్ల తామర 5,11,100 డాలర్లకు అమ్ముడుపోయింది.

ఇది ద్వంద్వయుద్ధపు కథ. నలుగురు కూర్చున్న బల్ల దగ్గర లెక్క మారుతుంది. 1990లలో అలాస్కాలో పుట్టిన ఒక పద్ధతిని షెల్డన్ మెనరీ అనే ఆటగాడు ప్రచారం చేశాడు. నేడు దానిని 'కమాండర్' అంటారు. కట్టలో 100 ముక్కలు. సాధారణ భూములు తప్ప ఏ ముక్కా రెండుసార్లు ఉండరాదు. ఒక్కొక్కరికి 40 ప్రాణాలు. ద్వంద్వయుద్ధంలో ఎదుటివాని 20 ప్రాణాలు తీస్తే చాలు. ఇక్కడ ముగ్గురివీ కలిపి 120. ఎంతటి ముక్క అయినా ఒక్కటే, ఎదుట మూడు చేతులు. నేను దింపిన బలాన్ని చూసి ఆ ముగ్గురూ మాట అనుకోకుండానే ఏకమవుతారు.

ఈ సందర్భంలో కర్ణుని వాసవీశక్తి గుర్తుకు రాక మానదు. కవచకుండలాలు కోసి ఇచ్చి పొందిన ఆ ఆయుధం ఒక్కసారికే పనికివస్తుంది. దానిని అర్జునుని కోసం దాచుకున్నాడు. దాచిన సంగతి శ్రీకృష్ణునికి తెలుసు. తెలిసే ఘటోత్కచుణ్ణి ఎదుటికి పంపాడు. ఆ రాత్రి కౌరవసేన హాహాకారాలు భరించలేక కర్ణుడు శక్తిని ప్రయోగించాడు. ఘటోత్కచుడు నేలకూలాడు, అర్జునుడు బతికాడు. చేతిలో గొప్ప ఆయుధమున్నదని లోకానికి తెలిసిన క్షణం నుండి ఎదుటివారి ప్రయత్నమంతా దానిని ఖర్చు చేయించడం మీదనే ఉంటుంది.

అయితే బల్ల చుట్టూ మంది పెరిగేకొద్దీ బలపడే ముక్కలూ ఉన్నాయి. 2019లో వచ్చిన 'డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్' ప్రత్యర్థులందరి సామగ్రినీ లెక్కపెట్టి అన్ని నిధులను యజమానికి కట్టబెడుతుంది. ముగ్గురి ఐశ్వర్యం ఒకనికి ఆయుధమవుతుంది. కమాండర్ నియమసంఘం అప్పట్లో ఆటగాళ్ళదే, కంపెనీది కాదు. ఆటకు ముందు నలుగురూ మాట్లాడుకుని సర్దుకోవాలనేది వారి మూలసూత్రం. మెనరీ 2023లో మరణించాడు. 2024 సెప్టెంబరు 23న ఆ సంఘం డాక్‌సైడ్‌తో సహా నాలుగు ముక్కలను నిషేధించింది. వాటిలో ఉచితంగా మానా ఇచ్చే, ఖరీదైన 'మానా క్రిప్ట్', 'జ్యువెల్డ్ లోటస్' ఉన్నాయి. వాటి ధరలు పడిపోయాయి. సంఘ సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం తిరిగేసరికి, సెప్టెంబరు 30న, పెత్తనం కంపెనీ చేతికి వెళ్ళింది. 2025 ఫిబ్రవరిలో కంపెనీ కట్టల బలాన్ని అయిదు అంచెలుగా విభజించి, ఆటను మార్చివేసే 40 ముక్కల జాబితాను ప్రకటించింది. ఎన్ని అంచెలు పెట్టినా, ఆటకు ముందు మాట్లాడుకోవాలన్న మాటను మాత్రం వదలలేదు.

ఒక చిన్న విశేషం. పవర్ నైన్‌లో ఎనిమిది ముక్కలు కమాండర్‌లో నిషిద్ధం. అనుమతి దక్కినది టైమ్‌ట్విస్టర్ ఒక్కటే. అందరికీ పంచేది అదే కదా!

మనుమడికి కర్ణుని కథ చెప్పాను. మరునాడు వాడు తన గొప్ప ముక్కను తీసివేస్తాడేమో అనుకున్నాను. తీయలేదు. కూర్చోగానే బల్ల మీద పెట్టి, "నా దగ్గర ఇది ఉంది, ఆడనా?" అని మిత్రులను అడిగాడు. "అయితే ఆగు, నాదీ తెచ్చుకుంటాను" అంటూ ఒకడు తన సంచీ కోసం పరుగెత్తాడు. ఆ రోజు ఆట చీకటి పడేదాకా సాగింది. ఎవరు గెలిచారో నేను అడగలేదు.