తట్టా చెమ్మస్ నుంచి చాట్‌జీపీటీ దాకా (7వ భాగం)



పోయిన భాగంలో బాయిల్లోకి దిగిన మన తాతల గురించి రాసిన. ఈసారి వాళ్ల మనవరాళ్లు కూర్చున్న క్లాసురూము గురించి.

మా బాపు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపేటోడు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైన నాటి నుంచి ఆ బరువు మోసినోళ్లలో మనోళ్లు ఎందరో. తర్వాత లోడింగ్ యంత్రాలు దిగినయి, ఓపెన్‌కాస్టులు వచ్చినయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. "నడుములు ఇరిగే పని పోతే మంచిదే. మరి మనల్ని ఏం చేస్తరంట?" అని అడిగేటోడు బాపు.

1978లో కొత్తగూడెంలో స్కూల్ ఆఫ్ మైన్స్ పెట్టిండ్రు. అది కాకతీయ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 2025లో మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. బొగ్గు ఊరికి యూనివర్సిటీ రావడానికి నూరేళ్లు దాటింది. అది వచ్చేసరికి 2022 నవంబర్‌లో పుట్టిన చాట్‌జీపీటీ పిల్లల ఫోన్లలోకి వచ్చేసింది.

మా బస్తీ బిడ్డ ఒకామె, ఇంట్లో మొదటి ఇంజనీరింగ్ విద్యార్థిని. ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే ఫోన్‌ను తెలుగులో అడుగుతది. పదిసార్లు అడిగినా అది విసుక్కోదు. అసైన్‌మెంట్ మాత్రం సొంతంగా రాసింది. కాలేజీలో నిలబెట్టి, "ఇంత ఇంగ్లీషు నీకెట్లొచ్చింది?" అన్నరు. ముప్పై ఏళ్ల కింద నన్నూ ఇదే మాట అడిగిండ్రు. అప్పుడు యంత్రం లేదు.

ఈ అనుమానానికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తోడైంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించిండ్రు. ఇంగ్లీషు మాతృభాష కానోళ్లు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవని అవి తేల్చినయి. యంత్రానికీ కులం అంటింది. ఒక దళిత పరిశోధకుడు దరఖాస్తులో ఇంగ్లీషు సరిచేయమంటే, చాట్‌జీపీటీ ఆయన ఇంటిపేరును శర్మగా మార్చిందని 2025లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ రాసింది.

అందుకే ఫోన్ బంద్ చేయమని నేనన. కాగితం మీద అనుమానం ఉంటే బిడ్డను కూర్చోబెట్టి తెలుగులో అడగండి, చెప్పనియ్యండి. అట్ల అడగాలంటే లెక్చరర్లు ఉండాలె. యంత్రం ఉన్నది కదా అని ఖాళీ పోస్టులు నింపకపోతే ఒప్పుకోవద్దు.

మీ కాలేజీల్లో ఏం జరుగుతున్నదో కింద రాయండి. వచ్చే ఆదివారం ఎనిమిదో భాగంలో మాట్లాడుకుందాం.