ఓటీకి పైసలా, ఛుట్టీనా?

కొల్లేటికోట వైపు చెరువుల్లో చేపల పట్టుబడి ఉందంటే చీకటితోనే దిగాలి. ఐసు వేసి లారీ కదిలేదాకా పని ఆగదు. గంటల హిసాబ్ ఎవరూ రాయరు. మరీ అలసిపోతే "రేపు రాకులే భాయ్" అంటారు. ఆ రేపటికి మజూరీ ఉండదు, పైగా అది మేహర్‌బానీ కింద లెక్క!

కార్ఖానాల్లో ఈ ఝగడా కానూన్‌ దాకా వెళ్లింది. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన ఐఎల్ఓ తొలి సభ రోజుకు 8, వారానికి 48 గంటలు అంది. అదనపు గంటకు కనీసం పావు వంతు ఎక్కువ ఇవ్వమంది. మన దేశానికి మాత్రం వారానికి 60. గులామీలో ఉన్నవాడికి గడియారం కూడా వేరే కాబోలు. 1922 ఫ్యాక్టరీల చట్టంలో ఆ 60 గంటలే రాశారు. ఏడాది పొడవునా నడిచే కార్ఖానాలకు 1934లో అది 54 అయింది. 48కి దిగడానికి 1946 రావాల్సి వచ్చింది.

ఆజాదీ తర్వాత వచ్చిన 1948 చట్టంలో రెండు సంగతులు విడివిడిగా ఉండేవి. మన వాళ్లు చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. రోజుకు 9, వారానికి 48 గంటలు దాటిన పనికి సెక్షన్ 59 రెట్టింపు మజూరీ ఇమ్మంది. అక్కడ ఛుట్టీ మాటే లేదు. వారాంతపు సెలవు పోతే మాత్రం సెక్షన్ 53 ప్రకారం ఆ నెలలోనో, తర్వాతి రెండు నెలల్లోనో బదులు సెలవు ఇవ్వాల్సి ఉండేది. అంటే గంటలకు పైసలు, పోయిన సెలవుకు సెలవు. ఏలూరు జూట్ మిల్లుకైనా, తాడేపల్లిగూడెం రైసు మిల్లుకైనా ఇదే హిసాబ్. బస్సు డ్రైవర్లు, కండక్టర్లకు 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం కూడా ఇదే దారిలో నడిచింది.

మరి యూనియన్, యాజమాన్యం కూర్చుని రాసుకునే ఒప్పందం సంగతి? ఓటీకి రెండు రెట్లు కాదు, రెండున్నర రెట్లు రాసుకోవచ్చు. పైసలూ ఛుట్టీ రెండూ అడగొచ్చు. రెట్టింపు కన్నా తక్కువకు దస్తఖత్ చేస్తే మాత్రం అది కానూన్ ముందు నిలవదు. చట్టం ఇచ్చిన హక్ యూనియన్ నాయకుడి జేబులోది కాదు కదా.

పండగ రోజుల దారి వేరు. మన రాష్ట్రపు 1974 సెలవుల చట్టంలో పండగ సెలవు నాడు పనిచేసినవాడికి రెట్టింపు మజూరీ గానీ, ఆ రోజు జీతంతో పాటు ఇంకో రోజు జీతంతో కూడిన సెలవు గానీ అని ఉంది. ఈద్ నాడు డ్యూటీ పడి, నమాజ్ అయ్యీ కాగానే గేటు దగ్గరికి పరిగెత్తే మన పిల్లలకు ఇది తెలియాలి. "ఈద్‌కు ఛుట్టీ ఇస్తున్నా, పోయిన నెల ఓటీ వదిలెయ్" అని సేఠ్ అంటే, అది ఈ రెంటిలో దేని కిందికీ రాదు.

2025లో మన సర్కార్ మూడు నెలల ఓటీ పరిమితిని 75 గంటల నుంచి 144కు పెంచాలని నిర్ణయించింది. అదే ఏడాది నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా రెట్టింపు రేటు అలాగే ఉంది. గంటలు పెరిగితే హాజరీ పుస్తకంలో ఎవరు ఏం రాస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. కొల్లేటి గట్ల మీద ఆ పుస్తకమే లేదు.