తలకి రంధ్రం పెట్టకుండా లోపలి ప్రెషర్ తెలుస్తుందా?

బీపీ చూడాలంటే చేతికి పట్టీ చుడితే చాలు. మరి తల లోపలి ప్రెషరో? ఈరోజు ఎపిసోడ్ దాని చరిత్ర మీదే.

పుర్రె అంటే సాగని ఎముక డబ్బా. లోపల ఉండేవి మూడే: మెదడు, రక్తం, నీళ్లలాంటి ద్రవం. ఒకటి పెరిగితే మిగతావి సర్దుకోవాలి. సర్దుకునే చోటు అయిపోతే ప్రెషర్ ఒక్కసారిగా పైకి పోతుంది. ఈ ఆలోచనకి 1783లో అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జ్ కెల్లీ పునాది వేశారు. ఇద్దరూ స్కాట్లాండ్ వాళ్లే. ద్రవం లెక్క తర్వాతి వాళ్లు కలిపారు.

ఇప్పుడు స్వీడన్‌లోని లుండ్ ఊరికి వెళ్దాం. 1953లో అక్కడి సర్జన్ లార్స్ లెక్సెల్ దగ్గరికి తలకి దెబ్బ తగిలిన 16 నెలల బిడ్డ వచ్చింది. అప్పటికి సీటీ స్కాన్ లేదు. లోహంలో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని ఆయన తలకి ఆనించి చూశాడు. మెదడు మధ్య గీత నుంచి రావాల్సిన ప్రతిధ్వని పక్కకి జరిగి కనిపించింది. అంటే ఒక వైపు రక్తం గడ్డకట్టి మెదడుని నెడుతోందన్నమాట.

అదే ఊళ్లో నిల్స్ లుండ్‌బర్గ్ వేరే దారి పట్టాడు. పుర్రెకి రంధ్రం పెట్టి, సన్నటి గొట్టం లోపలికి పంపి, ప్రెషర్‌ని గంటల తరబడి కాగితం మీద గీయించాడు. 1960లో ఆయన ప్రచురించిన ఆ గీతల్లో, ప్రెషర్ ఉన్నట్టుండి ఎగబాకి నిమిషాల పాటు దిగకపోవడం కనిపించింది. లెక్క పక్కా. కానీ ఇన్ఫెక్షన్, రక్తస్రావం భయం ఉంది. పైగా న్యూరోసర్జన్ కావాలి.

1982లో రూనె ఆస్లిడ్ బృందం మళ్లీ శబ్దం వైపు వచ్చింది. కణత దగ్గర ఎముక పల్చన కదా, అక్కడి నుంచి 2 మెగాహెర్ట్జ్ డాప్లర్ తరంగాలు పంపి మెదడు రక్తనాళాల్లో రక్తం వేగం కొలిచారు. లోపల ప్రెషర్ పెరిగితే, గుండె కొట్టుకునే రెండు దెబ్బల మధ్య ఆ వేగం పడిపోతుంది. ఇంకో దారి కన్ను. కంటి నరం చుట్టూ ఉన్న తొడుగులోనూ మెదడు ద్రవమే ఉంటుంది. ప్రెషర్ పెరిగితే అది ఉబ్బుతుంది. మూసిన రెప్ప మీద జెల్ రాసి, కనుగుడ్డుకి 3 మిల్లీమీటర్ల వెనక దాని వెడల్పు కొలుస్తారు.

ఇక్కడే అసలు విషయం. ఈ మూడు పద్ధతుల్లో ఏదీ ప్రెషర్‌ని నేరుగా కొలవదు. గీత జరగడం, వేగం తగ్గడం, తొడుగు ఉబ్బడం, ఇవన్నీ ప్రెషర్ వదిలిన జాడలు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సర్వర్‌లోకి లాగిన్ లేనప్పుడు బయట నుంచి పింగ్ కొట్టి లోపల లోడ్ ఎంతుందో అంచనా వేసినట్టు. రెస్పాన్స్ లేటైతే తప్పు సర్వర్‌దే కానక్కర్లేదు, నెట్‌వర్క్‌ది కూడా కావచ్చు. ఇక్కడా అంతే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మారినా, బీపీ మారినా రక్తం వేగం మారుతుంది.

మరి అంచనా ఎందుకంటారా? అర్ధరాత్రి న్యూరోసర్జన్ లేని ఆసుపత్రిలో, పేషెంట్‌ని ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపాలా అని తేల్చుకోవాల్సిన డాక్టర్‌కి ఆ జాడ కూడా విలువైనదే. దాన్ని కచ్చితమైన నంబర్ అనుకుని ధీమా పడితే మాత్రం ప్రమాదం. తేడా గుర్తుంచుకుని వాడితే, శబ్దం మంచి కాపలాదారు.