పత్రికలలో వలస మనిషి: జార్జి టౌన్ నుండి శేషాచలం వరకు

చెన్నై రేవు పక్కనున్న జార్జి టౌన్‌కు 1911 వరకు బ్లాక్ టౌన్ అని పేరు. ఇక్కడ ఊరివారెవరో, వచ్చినవారెవరో విడదీయడం కష్టం. తెలుగు వర్తకులు, షావుకారుపేటలోని మార్వాడీలు, గుజరాతీలు, 1960ల తరువాత బర్మా బజారులో అంగళ్ళు పెట్టుకొన్న బర్మా కాందిశీకులు, అందరూ ఎక్కడినుండో వచ్చినవారే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రిక సైతం 1914లో మదరాసుకు తరలి, ఇక్కడి తంబుచెట్టి వీధి నుండి దినపత్రికగా వెలువడింది. అంటే పత్రికయే వలస వచ్చినదన్నమాట!

1952-53లో ‘మదరాసు మనదే’ అని తెలుగువారు, కాదని మా.పొ. శివజ్ఞానం నాయకత్వాన తమిళులు వాదులాడుకొన్నారు. జార్జి టౌన్‌లోని తెలుగు వర్తకుడు ఒకరి వాదంలో ఊరివాడు, మరొకరి వాదంలో పొరుగువాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం మదరాసు లేకుండానే ఏర్పడింది. అతని అంగడి మాత్రం అంగుళమైనా కదలలేదు.

వలస వార్తలో మొదట చూడవలసినది ఆ మనిషికి పెట్టిన పేరు. మన పత్రికలలో అమెరికా వెళ్ళినవాడు ప్రవాసాంధ్రుడు. కోయంబేడులో మూటలు మోయడానికి వెళ్ళినవాడు వలస కూలీ. ఇద్దరూ బ్రతుకుతెరువుకై ఊరు విడిచినవారే.

రెండవది, వార్త నిజమా అన్నది. 2023 మార్చిలో తమిళనాట బీహారు కూలీలను చంపుతున్నారని తప్పుడు వీడియోలు వ్యాపించాయి. కొన్ని హిందీ పత్రికలూ ఆ వార్తను ప్రచురించాయి. భయపడిన కూలీలు పలువురు రైలెక్కారు. బీహారు అధికారుల బృందం స్వయంగా వచ్చి విచారించింది. దైనిక్ భాస్కర్ సంపాదకునిపై తమిళనాడు పోలీసులు కేసు నమోదు చేశారు. అసత్యమని తేలేసరికి పనులు నిలిచాయి, కూలి పోయింది.

ఇక మన సరిహద్దు సంగతి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవులలో పోలీసు కాల్పులకు 20 మంది మరణించారు. అందరూ తమిళనాడు వారే. తిరువణ్ణామలై, ధర్మపురి ప్రాంతాలవారు అధికం. సరిహద్దుకు ఈవల పలు పత్రికలు వారిని ‘ఎర్రచందనం స్మగ్లర్లు’ అన్నాయి. ఆవల వారే ‘కూలీలు’. చెట్టు నరికే కూలికి, దుంగను విదేశానికి పంపే దళారికి ఒకే పేరు పెడితే దళారి కనబడకుండా పోతాడు. దీనిని మనవారు తగినంతగా గుర్తించలేదనే మా అభిప్రాయం.

ఇటువంటి వార్త చదువునప్పుడు అందులో పోలీసుల మాట ఒక్కటే ఉన్నదా, చనిపోయినవాని భార్య మాట కూడ ఉన్నదా అని చూడవచ్చు. విలేకరి ఆ ఊరికి వెళ్ళాడా లేదా అన్నది సాధారణంగా రెండవ పేరాలోనే తెలిసిపోతుంది.