అడిగే తీరు, కాదనే తీరు: 1936 నాటి కల్బా

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ అడిగినదానికి వచ్చే జవాబు, ఎవరికి ఎవరితో అవసరం పడిందన్న దానిపై ఆధారపడుతుంది. ఒమాన్ సింధుశాఖ తీరాన, మడ అడవుల చెంతనున్న కల్బా చరిత్ర ఇందుకు నిదర్శనం.

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో కల్బా షార్జా పాలకుల వంశమైన ఖాసిమీల ఏలుబడిలో ఉండేది. అక్కడి షేక్ సయీద్ బిన్ హమద్‌ను బ్రిటిష్‌వారు స్వతంత్ర పాలకుడిగా లెక్కలోకి తీసుకోలేదు. ఉత్తరాన పొరుగునున్న ఫుజైరా షేకుల పరిస్థితీ అదే. ఈ వ్యవహారాలు చూసిన బ్రిటిష్ రెసిడెంట్ బూషహర్‌లో ఉండి, భారత ప్రభుత్వానికి జవాబు చెప్పుకొనేవాడు. బలవంతుడు నోరు తెరిచి కాదననక్కరలేదు. మిన్నకుంటే చాలు, అదే తిరస్కారం.

1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలకు షార్జాలో మజిలీ ఏర్పడింది. ఆ దారిలో అత్యవసరంగా దిగేందుకు మరొక చోటు కావలసివచ్చింది. ఈసారి అడగవలసిన వంతు బ్రిటిష్‌వారిది. కల్బాలో ఆ చోటు దక్కింది. బదులుగా 1936లో షేక్ సయీద్‌కు ప్రత్యేక పాలకుడిగా గుర్తింపు లభించింది. ఫుజైరాకు ఆ గుర్తింపు 1952లో గానీ రాలేదు. అప్పటికి చమురు అన్వేషణకు అక్కడి షేక్ సంతకం అవసరమైంది. కల్బా మాత్రం 1950ల తొలినాళ్లలో తిరిగి షార్జాలో కలిసిపోయింది.

బలాబలాల తేడా ఉన్నచోట మాట ఇలా నడిచింది. ఎడారి తెగలలో సమానుల మధ్య పద్ధతి వేరు. కోరిక ఉన్న అతిథి, ఇచ్చిన కాఫీ తాగకుండా గిన్నె కింద పెడతాడు. వచ్చిన పని నెరవేరుతుందని గృహస్థు మాటిస్తేనే తాగుతాడు. నోటితో అడగకుండానే అడగడం అది. కాదనడం గృహస్థుకు చిన్నతనం.

మనకు గిన్నె లేదు, మొహమాటం ఉంది. చల్లకొచ్చి ముంత దాస్తాం. కాదనలేక “చూద్దాం” అంటాం. సెలవు కోసం వైద్య ధ్రువపత్రం అడిగిన ఒక కార్మికుడికి నేనూ ఒకప్పుడు అదే మాట చెప్పాను. తిరస్కరించాననుకున్నాను. అతడు ఒప్పుకున్నాననుకొని మూడు సాయంత్రాలు వచ్చి కూర్చున్నాడు. ఆ మూడు రోజుల కూలి పోయింది అతడికే. అప్పటినుంచి ఇవ్వలేనిదాన్ని ఇవ్వలేనని, కారణంతో సహా, మొదటి రోజే చెబుతున్నాను.