సన్నిపాత జ్వరము నడచిన దారి

జ్వరములకు పేర్లు పెట్టుటలో మన పూర్వులు లోభము చూపలేదు. వాతపిత్తకఫములు మూడును ఒక్కమారు ప్రకోపించుటచే కలుగు జ్వరమును ఆయుర్వేదము సన్నిపాతమనెను. తెలుగునాట టైఫాయిడునకు ఆ పేరే వాడుకలో నిలిచినది. అయితే అది టైఫాయిడునకు మాత్రమే చెందిన పేరు కాదు. రోగికి సంధి పుట్టించి, తెలివి తప్పించు జ్వరములెన్నియో ఆ మాట చాటున ఇమిడియున్నవి. ఉత్తరదేశమున దీనిని మియాదీ బుఖార్ అందురు. గడువు పెట్టుకొని వచ్చిన జ్వరమని అర్థము. మోతీఝరా అని మరియొక పేరు కలదు. ఒంటిమీద ముత్యములవలె లేచు సన్నని పొక్కులనుబట్టి వచ్చినది. ఉద్యోగరీత్యా ఢిల్లీలోనో ఆగ్రాలోనో కాపురముండిన తెలుగు కుటుంబములకు ఈ పేర్లు పొరుగిండ్లవారి నోట విన్నవే.

గడువు అను మాట అక్షరాల నిజము. సరియైన మందు లేని కాలమున ఈ జ్వరము మూడు నాలుగు వారములు మనిషిని మంచమునకు కట్టివేసెడిది. లంఖణం పరమౌషధమని రోగిని పస్తులుంచెడివారు. జ్వరము దిగి పథ్యము పెట్టు దినము ఇంటిల్లిపాదికి పండుగ. పథ్యము పెట్టిన పిమ్మట జ్వరము తిరుగబెట్టి, ఆ పండుగ ఏడుపులో ముగిసిన ఇండ్లును కలవు. ఇన్ని పేర్లలో జ్వరమెన్నాళ్లుండునో, ఒంటిమీద ఏమి కనిపించునో, మతి ఎట్లు తప్పునో చెప్పునవి కలవుగాని, అది ఎటునుండి వచ్చెనో చెప్పు పేరు ఒక్కటియు లేదు. ఆ సంగతి తేలుటకు ప్రపంచమునకు పందొమ్మిదవ శతాబ్దములో చాల భాగము పట్టినది.

ఐరోపాలో సైతము చిక్కు పేరు దగ్గరనే మొదలైనది. అక్కడ టైఫస్ అను వేరొక జ్వరము జైళ్లలోను, సైనిక శిబిరములలోను చెలరేగెడిది. అది పేలవలన వ్యాపించునని 1909లో తేలినది. టైఫాయిడనగా టైఫస్‌ను పోలినదని మాత్రమే అర్థము. పారిస్ వైద్యుడు పియేర్ లూయీ 1829లో ఆ పేరును తన గ్రంథమున వాడెను. ఆయన మృతదేహములను పరీక్షించి, ఈ జ్వరముతో పోయినవారి చిన్న ప్రేగులలో పుండ్లుండుటను గమనించెను. ఆయన యొద్ద చదివిన విలియం గెర్హార్డు 1837లో ఫిలడెల్ఫియా నగరమున, టైఫస్‌తో పోయినవారి ప్రేగులలో ఆ పుండ్లు లేవని చూపెను. రెండును వేరు జ్వరములని ఆ విధముగా స్పష్టమైనది. ప్రేగులలో పుండున్నదని తెలిసిన తరువాత, రోగము నోటిద్వారా లోనికి పోవునేమోయని ఎవరికైనను తట్టవలసినది. చాలకాలము తట్టలేదు. చెడుగాలి పీల్చుటచే జ్వరము వచ్చునను నమ్మకము అంత బలీయమైనది.

ఇంగ్లండు నైరృతి భాగమున డెవన్ మండలములో నార్త్ టాటన్ అను గ్రామము కలదు. విలియం బడ్ అక్కడ 1811లో జన్మించెను. తండ్రి వైద్యుడు, సోదరులలో పలువురు వైద్యులు. 1839 జూలైలో ఆ గ్రామమున జ్వరము ప్రవేశించి, ఆ యేడు ముగియకమునుపే ఎనుబదిమందికి పైగా బడ్ చికిత్సకు వచ్చిరి. మహానగరపు వైద్యునకు లేని సదుపాయము పల్లెవైద్యునకు ఒకటి కలదు. ఎవరు ఎవరింటికి పోయివచ్చిరో, ఎవరు ఎవరికి బంధువులో, ఏ రెండిండ్లకు ఒకటే మరుగుదొడ్డియో ఆయనకు తెలియును. బడ్ దానినే ఆధారముగా చేసికొనెను.

ఆ గ్రామమున మురుగు పోవు దారి సరిగా లేదు. ఇంటింటికి పెంటకుప్ప ఉండెను. అయినను అవన్నియు ఏండ్ల తరబడి ఉన్నవే. జ్వరము మాత్రము ఆ యేడు వచ్చెను. కేవలము మురికియే జ్వరమును పుట్టించునదైనచో అంతకుముందేల పుట్టించలేదని ఆయన ప్రశ్న. మరియొక సంగతి ఆయన వాదమునకు వెన్నెముకయైనది. జ్వరము సోకినవారిలో ముగ్గురు గ్రామము విడిచి వేరుచోట్లకు పోయిరి. వారిలో ఇద్దరు ఱంపముతో కొయ్యలు కోయు కూలీలు. మోర్చర్డ్ అను తమ ఊరికి తిరిగిపోయిరి. మూడవయామె ఒక వితంతువు. బంధువుల యింటికి చేరెను. ఆ మూడు చోట్లను, వచ్చినవారు మంచము పట్టిన కొన్ని దినములకు, వారిని దగ్గరనుండి చూచుకొన్నవారు మంచము పట్టిరి. గాలి ముగ్గురిని వెంటాడి పోయి ఆ యిండ్లనే ఏరుకొన్నదనుట పొసగదు. రోగమును మోసికొనిపోయినది మనుష్యులే.

తరువాత బడ్ బ్రిస్టల్ నగరమున స్థిరపడెను. 1847లో ఆ నగరపు క్లిఫ్టన్ భాగములో రిచ్మండ్ టెరస్ అను ఇండ్ల వరుసలో జ్వరము పుట్టెను. వరుసలో 34 ఇండ్లు, సంపన్నుల కాపురములు, గాలి, వెలుతురు అందరికి ఒక్కటే. వానిలో 13 ఇండ్లవారు మాత్రము వరుస చివరనున్న బావినీరు త్రాగెడివారు. ఆ బావిలోనికి మురుగు ఊరుచుండెను. జ్వరము ఆ బావినీరు త్రాగిన ఇండ్లను దాదాపు అన్నింటిని పట్టి, తక్కినవానిని విడిచిపెట్టెను. పదమూడిండ్లకు ఒక గాలి, ఇరువదియొక్క యిండ్లకు మరియొక గాలి వీచదు గదా.

రోగి విరేచనములలోనే విషము గలదనియు, అది ప్రేగులలో వృద్ధిపొంది, నీటిద్వారాను, చేతులద్వారాను, పక్కబట్టలద్వారాను ఇతరుల నోటికి చేరుననియు బడ్ సిద్ధాంతము. మరుగుదొడ్డిలో పోయుటకుముందే రోగి మలమును మందునీటితో నిర్విషము చేయవలెనని ఆయన చెప్పెను. 1850-60ల నడుమ వైద్యపత్రికలలో వ్యాసములు వ్రాసెను. 1873లో గ్రంథముగా ప్రకటించెను. ఆయనకు ఎదురునిలిచినవారిలో ముఖ్యుడు చార్లెస్ మర్చిసన్. కొంతకాలము కలకత్తా వైద్యకళాశాలలో బోధించినవాడు, గొప్ప పండితుడు. కుళ్లునుండి జ్వరము తనంతట పుట్టునని ఆయన వాదము. 1858 వేసవిలో థేమ్సు నది మురుగుతో నిండి, లండను నగరమంతట భరింపరాని దుర్గంధము వ్యాపించెను. పార్లమెంటు భవనపు కిటికీలకు బ్లీచింగు నీటిలో తడిపిన తెరలు కట్టిరి. దుర్గంధమే విషమైనచో ఆ యేడు లండను వల్లకాడు కావలసినది. జ్వరములు పెరుగలేదు. బడ్ ఈ సంగతిని ఎత్తిచూపెను. ఐనను పండితలోకము వెంటనే ఒప్పుకొనలేదు. కంటికి కనబడని వస్తువునుగూర్చి ఒక పల్లెవైద్యుడు చెప్పిన మాటకన్న ముక్కుకు తెలియు దుర్గంధమునే నమ్ముట వారికి సులభమాయెను.

1880లో బడ్ మరణించెను. ఆ యేడే కార్ల్ ఎబెర్త్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రోగుల అవయవములలో ఆ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూచెను. 1884లో గాఫ్కీ దానిని విడిగా పెంచెను. నేడు దానికి సాల్మొనెల్లా టైఫీ అని పేరు. అది మనుష్యులలో మాత్రమే కాపురముండునది. పశువులలో, పక్షులలో నివసింపదు. కావున ఎక్కడ టైఫాయిడు వచ్చినను, దాని వెనుక మరియొక మనిషి మలము ఉన్నట్లే లెక్క.

నోటిలోనికి పోయిన క్రిమి చిన్న ప్రేగు గోడను దాటి రక్తమున ప్రవేశించి, కాలేయము, ప్లీహము, ఎముకల మూలుగులలో పెరుగును. సామాన్యముగా ఒకటి రెండు వారముల తరువాతనే జ్వరము పైకి కనిపించును. ఆ కారణముచే, జ్వరము వచ్చిననాడు తిన్న ఆహారమును నిందించుట వలన ప్రయోజనము లేదు. క్రిమి పిత్తాశయమునుండి పైత్యరసముతో తిరిగి ప్రేగునకు వచ్చును. మూడవ వారమున ప్రేగు పుండ్లు రక్తము కార్చుటయో, చిల్లులు పడుటయో జరుగును. వెనుకటి కాలమున మరణములు ఎక్కువగా అప్పుడే సంభవించెడివి. 1896లో విడాల్ కనిపెట్టిన రక్తపరీక్ష మన దేశమున నేటికిని విరివిగా వాడుకలో ఉన్నది. కాని ఒక్క మారు చేసిన ఆ పరీక్ష తరచుగా తప్పుదారి పట్టించును. రక్తములోని క్రిమిని పెంచి చూచు పరీక్షయే నమ్మదగినది.

క్రిమి దొరికిన తరువాతను ఒక చిక్కు మిగిలెను. రోగి లేని ఇంట జ్వరము ఎట్లు పుట్టును? 1902 ప్రాంతమున జర్మనీలో రాబర్ట్ కోఖ్ పరిశోధనలవలన, జ్వరము తగ్గినవారిలో కొందరు, అసలు జ్వరమే ఎరుగనివారు కొందరు, నెలల తరబడి, ఏండ్ల తరబడి క్రిమిని విసర్జింతురని తెలిసినది. క్రిమి వారి పిత్తాశయమున దాగియుండును. వీరినే వాహకులందురు.

వాహకులలో లోకప్రసిద్ధి పొందినది మేరీ మాలన్. ఐర్లండునుండి అమెరికాకు పోయి, ధనికుల ఇండ్లలో వంటచేసి బ్రదికిన స్త్రీ. 1906 వేసవిలో న్యూయార్కు దాపున ఆయిస్టర్ బే అనుచోట ఒక ఇంటిలోని 11 మందిలో ఆరుగురికి టైఫాయిడు వచ్చెను. జార్జి సోపర్ అను ఇంజనీరు నీటిని, పాలను పరీక్షించి, ఏమియు దొరకక, తుదకు వంటమనిషి పూర్వచరిత్రను తిరుగవేసెను. ఆమె పనిచేసిన ఎనిమిది కుటుంబములలో ఏడింట టైఫాయిడు వచ్చియుండెను. ఉడికిన వంటకమున క్రిమి చచ్చును. కాని పచ్చి పీచ్ పండ్లు కోసివేసి ఆమె చేసిన ఐస్‌క్రీము ఆ యింటివారికి ప్రియము. మంచు క్రిమిని చంపదు. తనకు ఎన్నడును జ్వరము రాలేదని మేరీ వాదించెను. ఆమె మాట అబద్ధమనుటకు వీలులేదు.

1907లో ఆమెను పట్టి, న్యూయార్కు సమీపమున ఒక దీవిలో ఉంచిరి. వంటపని చేయనని మాటతీసికొని 1910లో విడిచిరి. వేరొక పనిలో అంత జీతము రాలేదు. ఆమె పేరు మార్చుకొని తిరిగి వంటశాల చేరెను. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో 25 మందికి జ్వరము వచ్చి, ఇద్దరు మరణించిరి. మరల దీవి. 1938లో మరణించువరకు అక్కడనే. రెండుమారులు కలిపి సుమారు 26 ఏండ్ల నిర్బంధము. అప్పటికి న్యూయార్కులో వందలకొలది వాహకులను గుర్తించియుండిరి. వారినెవరిని ఇట్లు జీవితాంతము బంధింపలేదు. ఆమె పేదది, ఒంటరిది, పరదేశి. ఆరోగ్యశాఖ చేసిన పనిలో అవసరమెంత, అన్యాయమెంత అనునది నేటికిని తెగని తగవు. ప్రజల ప్రాణములు కాపాడవలసియుండుట నిజమే. బ్రతుకుతెరువు చూపకుండ వంట మానుమనుట న్యాయమనిపించుకొనదు.

భారతదేశమున ఈ జ్వరము కథ వేరొక వక్రదారి పట్టెను. పందొమ్మిదవ శతాబ్దమున చాలమంది ఆంగ్ల సైనికవైద్యులు ఇది కొత్తగా ఓడ దిగిన తెల్ల సిపాయిల జబ్బనియు, దేశీయులకు దాదాపు రాదనియు తలచిరి. వారి రిజిస్టర్లలో ఎక్కినది సిపాయిల జ్వరమే. బజారులోని బిడ్డ జ్వరమును లెక్కించినవారు లేరు. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ మొదలైనవారి పరిశీలనలవలన, అది దేశీయులలో విస్తారముగా కలదని తెలియవచ్చెను. సైన్యము విషయమున మాత్రము శ్రద్ధకు లోటులేదు. 1896లో టీకామందును రూపొందించిన ఆల్మ్రోత్ రైట్, 1898లో ప్లేగు కమిషనుతో ఈ దేశమునకు వచ్చి, సుమారు 4 వేలమంది బ్రిటిషు సైనికులకు దానిని వేసెను. పిమ్మట దక్షిణాఫ్రికా యుద్ధములో టీకా ఐచ్ఛికముగా ఉండగా, 57 వేలమందికి పైగా సైనికులకు టైఫాయిడు వచ్చి 8 వేలమందికి పైగా మరణించిరి; శత్రువుల గుండ్లకు పోయినవారికన్న వీరే ఎక్కువ.

నగరములను రక్షించినది టీకాకన్న క్లోరిన్. ఇంగ్లండులో లింకన్ పట్టణమున 1905లో టైఫాయిడు చెలరేగినపుడు త్రాగునీటికి క్లోరిన్ కలిపిరి. దాని మహిమయు, దాని హద్దును ఒక్కసారిగా చూచిన నగరము మన రాజధాని. 1955 చివర వరదల పిమ్మట యమునలో నజఫ్‌గఢ్ నాలా మురుగు ఎగువకు తన్ని, వజీరాబాదులో నీరు తోడుకొను చోటికి చేరెను. నీటికేంద్రమువారు అది కనిపెట్టి క్లోరిన్ మోతాదు పెంచిరి. ఆ యేటి డిసెంబరునుండి 1956 జనవరివరకు ఢిల్లీలో సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చెను. టైఫాయిడు మాత్రము పెరుగలేదు. నీరు ఒక్కటే, మురుగు ఒక్కటే. టైఫాయిడు క్రిమి క్లోరినునకు చచ్చినది, కామెర్ల వైరస్ తప్పించుకొన్నది.

మందు కథ దీనికి దాదాపు సమకాలికము. క్లోరాంఫెనికాల్ 1947లో బయటపడెను. 1948లో కౌలాలంపూరున మైట్ అను చిరుపురుగులవలన వచ్చు వేరొక జ్వరమునకు దానిని పరీక్షించుచుండగా, రోగులలో కొందరిది టైఫాయిడని తేలెను, వారును కోలుకొనిరి. గడువు జ్వరమునకు గడువు తగ్గినది. పాతికేండ్లు తిరుగకమునుపే, 1972లో కేరళలోని కోజికోడున ఆ మందునకు లొంగని క్రిమి కనిపించెను. తరువాత ఒకటి వెంట ఒకటిగా మందులు బలహీనపడినవి.

2016 నవంబరునుండి పాకిస్తానులోని సింధు హైదరాబాదులో, వాడుకలోనున్న మందులలో చాలవానికి లొంగని టైఫాయిడు వ్యాపించెను. నోటిద్వారా ఇచ్చు మందులలో అజిత్రోమైసిన్ మాత్రము పనిచేసెను. పరిశోధకులు రోగుల ఇండ్లను పటముపై గుర్తించి చూడగా, అవి మురుగు గొట్టముల చుట్టును గుంపులుగా కనిపించినవి. త్రాగునీటి నమూనాలలో క్రిమి జాడ దొరికెను. రిచ్మండ్ టెరస్ బావి గడచి అప్పటికి 170 ఏండ్లు కావచ్చినది.

ఆ ఊరి పిల్లలకు వేసిన టీకా మరియొక హైదరాబాదునుండి వచ్చెను. తెలుగుగడ్డమీది హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన ఆ టీకాకు 2013లో మన దేశమున అనుమతి లభించెను. పాతవి రెండేండ్లలోపు పసివారికి పనికిరాకుండగా, ఇది ఆరు నెలల శిశువునకును వేయదగినది. నేపాలులోని లలిత్‌పూరున సుమారు 20 వేలమంది పిల్లలలో చేసిన పరీక్షయందు ఇది నూటికి 80 వంతులకు పైగా రక్షణ ఇచ్చినట్లు 2019లో ప్రకటించిరి. ఆ యేడు నవంబరులో పాకిస్తాను సింధు పట్టణములలో 9 నెలలు మొదలు 15 ఏండ్లలోపు పిల్లలకు టీకాలు వేయుట ఆరంభించి, దానిని పసిబిడ్డలకు నియమముగా వేయు టీకాలలో చేర్చెను. ప్రపంచమున ఆ పని మొదట చేసిన దేశము అదియే.