ఆకాశమునుండియే అంతరిక్షమునకు



రాకెట్టు నేలనుండి నిప్పులు గ్రక్కుచు లేచుట మనమెఱిగినదే. కాని కొన్ని రాకెట్లను విమానము మోసికొనిపోయి మింట విడుచును. నేలయుండగా నింత శ్రమ యేల?

వరిమడి బురదగా నున్నప్పుడు రైతు బండిని మడిలోనికి దింపడు. మోపులను గట్టునకు మోయించి, యచ్చట బండి కెత్తించును. లేనిచో నెడ్ల సత్తువయంతయు బురదకే చెల్లును. భూమిని చుట్టియున్న వాయువును అట్టి బురదయే. 12 కిలోమీటర్ల యెత్తునకు పోయినచో వాయురాశిలో నైదింట నాలుగు పాళ్లు క్రిందనే యుండును. ఆ పలుచని గాలిలో నిరోధము తక్కువ. మంటలు వెలువడు గొట్టపు మూతిని వెడల్పు చేసి, యంతే యింధనముతో హెచ్చు బలమును రాబట్టవచ్చును.

ఈ యుపాయము క్రొత్తది కాదు. 1947 అక్టోబరు 14వ తేదీన కాలిఫోర్నియా యెడారిపై బి-29 బాంబరు తన పొట్టక్రింద మోసి విడిచిన ఎక్స్-1 అను రాకెట్టు విమానమున చక్ యేగర్ ధ్వనికన్న వేగముగా పోయెను. దాని యింధనము కొలది నిమిషములకే చాలును. నేలనుండి లేచుటకే వెచ్చించినచో పరీక్షకు మిగులదు. పిదప 1959 మొదలు 1968 వఱకు ఎక్స్-15 విమానములు బి-52 రెక్కక్రిందనుండి 199 మారులు ఎగిరెను. 1967 నవంబరులో నట్టి యొక ప్రయాణమున మైకేల్ ఆడమ్స్ ప్రాణములు కోల్పోయెను.

1990 ఏప్రిలు 5వ తేదీన బి-52 విడిచిన పెగాసస్ రాకెట్టు ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. విమానమునకు మఱియొక సౌకర్యము గలదు. ప్రయోగవేదిక కదలదు, విమానము కోరినచోటికి పోగలదు. నూస్టార్ అను ఎక్స్-కిరణ దూరదర్శినిని భూమధ్యరేఖ చేరువను త్రిప్పవలసివచ్చెను. అందుచే 2012 జూనులో పసిఫిక్ సముద్రమందలి క్వాజలీన్ ప్రాంతమునకు పెగాసస్‌ను కొనిపోయి విడిచిరి.

అట్లయిన నన్ని రాకెట్లను నిట్లే యేల పంపరు? కక్ష్యలో నిలుచుటకు సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగము కావలెను. విమానమిచ్చునది పావు కిలోమీటరు మాత్రమే. తక్కినది రాకెట్టే సంపాదించుకొనవలెను. అంతేకాదు, మోయువాని శక్తియే మోపునకు హద్దు. పెగాసస్‌లో పెద్దదాని బరువు సుమారు 23 టన్నులు. మన శ్రీహరికోటనుండి లేచు ఎల్.వి.ఎం.-3 బరువు సుమారు 640 టన్నులు. దీనినే విమానము మోయగలదు?

తలమోపుగా గట్టునకు చేర్చదగినది కొంతయే. పంట పెద్దదైనచో బురదకు వెఱవక బండిని మడిలోనికే దింపవలెను. చిన్న మోపునకు విమానము, పెద్ద మోపునకు నేల: పనినిబట్టి సాధనము.